లోపలికి జరగండి

కదలకండి, అంది తల లోపలి ఫొటో తీసే అమ్మాయి. అదీ నాతో. తెల్లారిన దగ్గర్నుంచీ జరగండి, జరగండి, లోపలికి జరగండి అని గొంతు చించుకునే బస్సు కండక్టరుతో కదలకండి అంటే ఏం చెప్పాలి, నవ్వొచ్చింది. నవ్వినా తల కదులుతుంది ఆంటీ, అంది. సరేనమ్మా తల్లీ, అన్నాను పెదవులు కదపకుండా. ముఖం మీద బోను లాంటిదొకటి బిగించింది, చెవుల పక్కన దిండ్లు కుక్కింది, కుడిచేతిలో రబ్బరు బుడ్డి పెట్టింది. మరీ ఉండలేకపోతే ఇది నొక్కండి, బయటికి తీసేస్తాం, కాకపోతే మళ్లీ మొదటినుంచీ తీయాల్సొస్తుంది, అంది. నొక్కొచ్చు అంటూనే నొక్కొద్దని చెప్పడమన్నమాట. మా డిపోలో సెలవు కూడా ఇలాగే ఇస్తారు. బల్ల దానంతటదే జరిగి నన్ను గొట్టంలోకి తీసుకుపోయింది. ఇన్నేళ్లకి నన్ను కూడా లోపలికి జరిపేవాళ్లు దొరికారు. కళ్లు తెరిస్తే ముక్కుకి జానెడు దూరంలో తెల్లటి కప్పు, దాని మీద సన్నటి గీత ఒకటి, ఎవరో గోరుతో గీసినట్టు. పాదాలు మాత్రం బయటే ఉన్నట్టున్నాయి, చల్లగా తగులుతోంది. గంట పడుతుందట. గంటంటే మాకు ఈ చివర నుంచి ఆ చివరికి ఒక ట్రిప్పు. పోయొస్తాను అనుకున్నాను.

మొదలైంది. ఠక్, ఠక్, ఠక్, ఠక్. ఒక గంట కొడితే ఆపు, రెండు కొడితే పోనీయ్, మా బస్సులో లెక్క అంతే. ఇదేమిటి ఇలా కొట్టుకుంటూనే పోతోంది, ఆపాలా పోవాలా, ఏ డ్రైవరు తట్టుకుంటాడు దీన్ని. మా డ్రైవరన్న అయితే బండి పక్కకి పెట్టి దిగిపోయి, నువ్వే నడుపుకో చెల్లెమ్మా అనేవాడు. ఆయనెందుకు గుర్తొచ్చాడిప్పుడు. వద్దు, ఆయన వద్దు. బయట బెంచీ మీద పిడుగు ఉంది, దాని సంగతి చూడు. పిడుగంటే నా కూతురు. నడక వచ్చిన కొత్తలో పుస్తకాల బీరువాని మీదికి లాక్కుంది, అప్పట్నుంచీ మేముండే మేడ మొత్తం దాన్ని పిడుగనే పిలుస్తుంది, కాలేజీకి వెళ్తున్నా అదే పిలుపు. ఇనుము ఏదీ లోపలికి రాకూడదంటే చెవులవి, పిన్నులు, గడియారం, ఫోను అన్నీ దాని ఒళ్లో పోశాను. చివరికి మెడలో ఈల కూడా తీయమన్నారు. నిద్రపోయేటప్పుడు తప్ప అది నా మెడ దిగదు. పిడుగు దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, తలుపు దగ్గర, ఇంకెవరికీ వినపడకుండా, "నీకు కూడా ఉంటే బాగుండునమ్మా. నేనొక్కదాన్నే కాకుండా ఉంటాను" అంది. అని వెంటనే గోడకేసి తిరిగింది. అలా అనకూడదని దానికీ తెలుసు. బస్సులో ఎవడేమన్నా ఎదురుమాట సిద్ధంగా ఉండే నేను దాని జడ సరిచేసి లోపలికి వచ్చేశాను.

మొన్నటిదాకా ఏమీ లేదు దానికి. అద్దం ముందు తల దువ్వుకుంటూ దువ్వెన కింద పడేసింది. ఏమే, చేతుల్లో ఎముకల్లేవా, అన్నాను బాత్రూంలోంచి, యూనిఫాం ఉతుకుతూ. పలకలేదు. అలిగిందేమో అనుకున్నాను. అలగడం దానికి రోజూ ఉండేదే కదా. నురగ చేతుల్తో వచ్చి చూస్తే నేల మీద కొట్టుకుంటోంది, కళ్లు ఎటో పోయాయి, పళ్లు బిగుసుకున్నాయి. ఆ కాసేపు నేను కండక్టర్నీ కాదు, తల్లినీ కాదు, ఒట్టి రెండు చేతులు. దాని తల గచ్చుకి తగలకుండా కింద పెట్టిన చేతులు. తర్వాత అది లేచి, అమ్మా దువ్వెనేది, అంది. దువ్వెన కోసం వెతుక్కుంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఇంకోసారి, కాలేజీలో, అందరి ముందూ. దాని పక్కన కూర్చునే అమ్మాయి మర్నాటి నుంచి వేరే బల్లకి మారింది. పిడుగు తనంతట నాకు చెప్పలేదు, ఇంటికొచ్చాక ఫోనులో ఆ అమ్మాయి గొంతు వినపడకపోవడం చూసి నేనే అడిగి రాబట్టాను. అంతకుముందు దానికి ఫోనులో కబుర్లు తెగేవి కావు.

ఠక్కులు ఆగాయి. గొట్టంలో ఒక్కసారిగా నిశ్శబ్దం. మళ్లీ ఇంకో రకం మోత, ఎవరో గోడకి పెద్ద మేకు కొడుతున్నట్టు. ఇదే గొట్టంలో పడుకోబెట్టి దాని తల ఫొటో తీశారు, ఆ ఫొటో పట్టుకుని డాక్టరమ్మ మాకు చెప్పింది. సన్నగా, రివటలా ఉంటుంది, మాట్లాడుతూ పెన్సిలు కొరుకుతుంది. పాత కాలెండరు కాగితం తిప్పి దాని మీద బొమ్మ వేసింది. కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు మధ్యలో చిన్న మడుగు లాంటి ఖాళీ ఉంటుందట. మెదడు కణాలు దాని గట్టున పుడతాయట. పుట్టడం అక్కడే గానీ వాటి చోటు అక్కడ కాదు, పైన, అంచున. గట్టు నుంచి పై అంచుదాకా సన్నటి తీగలు సాగి ఉంటాయి, ఒక్కో కణం ఒక్కో తీగ పట్టుకుని పాకుతూ పోవాలి. ముందు బయల్దేరినవి కింది వరసలో ఆగుతాయి. వెనక పుట్టినవి వాటి పక్కల నుంచి దూరి, వాటిని దాటి, వాటి పైన సర్దుకుంటాయి. వాటి తర్వాతవి ఇంకా పైన. అలా ఆరు వరసలు. ఎవరు ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది డాక్టరమ్మా, అని అడిగాను, అది మా వృత్తి ప్రశ్న కదా. అందరికంటే ముందే పైకి వచ్చి నిలబడ్డవి కొన్ని ఉంటాయి, ఇక్కడ దిగండి, తీగ వదలండి అని చెప్పేది అవే, అంది. అందరూ సర్దుకున్నాక వాటికి పనుండదు, చాలావరకు పోతాయి. ఎక్కడికి పోతాయి, అన్నాను. చచ్చిపోతాయి, అంది పెన్సిలు తీసి. అయితే అవి కండక్టర్లన్నమాట, అన్నాను. ఆవిడ నవ్వింది. పిడుగు నవ్వలేదు, దాని కళ్లు ఆ ఫొటో మీదే ఉన్నాయి.

ఫొటోలో మడుగు గట్టు పొడుగునా బూడిదరంగు ముద్దలు. ఇవి ఎక్కలేకపోయినవి, అంది డాక్టరమ్మ. చెడ్డవి కావు, జబ్బువి కావు, పైన ఉన్నవాటి లాంటివే. తీగ పట్టుకుని పాకడానికి కావలసిన పట్టు వీటికి లేకపోయింది. పుట్టిన చోటే ఉండిపోయాయి. బతికే ఉన్నాయి, వాటిలో అవి మాట్లాడుకుంటూనే ఉన్నాయి. ఒక్కోసారి అన్నీ కలిసి ఒక్కసారిగా అరుస్తాయి, అప్పుడే ఫిట్స్. మందుంది, చాలామందికి ఆగుతాయి, చదువుకోవచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, అంది. పిడుగు ఒకే ఒక్క మాట అడిగింది, ఇప్పుడు వాటిని ఎక్కించలేమా, అని. లేదమ్మా, ఎక్కే తీగలు ఇప్పుడు లేవు, పని అయిపోయింది, అంది డాక్టరమ్మ. పిడుగు తల ఊపింది. ఇంటికొచ్చే దారంతా దాని చెయ్యి పట్టుకున్నాను, చిన్నపిల్లనా అని విదిలించుకోలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

మర్నాడు డ్యూటీలో గొంతు లేవలేదు నాకు. తలుపు దగ్గర ఎప్పటిలాగే గుంపు, లోపల ఎప్పటిలాగే ఖాళీ. జరగండి అనబోయి ఆగిపోయాను. ఇన్నేళ్లూ వాళ్లని మొండిఘటాలనుకున్నాను, లోపలికి పోతే ఏం, మీ ఆస్తులు పోతాయా అని దెప్పిపొడిచాను. ఆ రోజు ఊరికే చూశాను. పనిలోకి మొదటిరోజు పోతున్న పిల్ల ఒకతి, ఎక్కడ దిగాలో తెలియక కడ్డీ పట్టుకుని ప్రతి స్టాపునీ కళ్లతో తింటోంది. కళ్లు సరిగా ఆనని ముసలాయన, లోపలికి పోతే మళ్లీ తలుపు దొరకదని. అద్దం కొనుక్కుని తీసుకెళ్తున్న దంపతులు, అది పగులుతుందని. వాళ్లకి కాళ్లున్నాయి, లోపల చోటుంది, అయినా ఆగిపోయారు. ఎవరినీ ఏమీ అనలేదు. బండి ఆలస్యమైంది, డిపోలో మేనేజరు చేత చివాట్లు తిన్నాను, ఏమమ్మా గొంతు పోయిందా అని. ఆఖరి స్టాపులో అందరూ దిగాక ఖాళీ బస్సులో ముందునుంచి వెనక్కి నడిచాను, రోజూ నడిచేదే, సీట్ల కింద ఎవరైనా ఏమైనా మర్చిపోయారా అని. పసివాడి చెప్పొకటి దొరికింది. ఇంత ఊరిని రోజూ ఎక్కించి దించుతాను, నా పేరు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు, అనిపించింది ఆ చెప్పు పట్టుకుని.

పేరు తెలిసినవాళ్లలో ఒకాయన నా మొగుడు. నా రెండో కొడుకు పోయిన ఏడాదికి ఆయన ఇల్లు మారాడు. నేను మారలేదు, ఆయనొక్కడే మారాడు. ఇప్పటికీ ఎప్పుడైనా పెద్ద ఆస్పత్రి స్టాపులో కనిపిస్తాడు. నా బస్సు వస్తుంటే నాలుగడుగులు వెనక్కి వేసి, కొట్టు ముందు నిలబడి ఏదో కొంటున్నట్టు నటిస్తాడు, తర్వాత వచ్చే బస్సు ఎక్కుతాడు. ఒకసారి వాన కురుస్తున్నా అలాగే నిలబడ్డాడు. నేను రెండు గంటలు కొట్టాను. ఏం చేయను మరి.

రెండోవాడు. అదీ అసలు సంగతి, దాని చుట్టూ ఎంతసేపు తిరుగుతాను ఈ గొట్టంలో. పిడుగుకి ముందు ఒకడు, పిడుగుకి తర్వాత ఒకడు, ఇద్దరూ మగపిల్లలే, ఇద్దరూ కడుపులోనే. మొదటివాడు పోయినప్పుడు అత్తగారు, రోజంతా నిలబడితే నిలుస్తాడా, అంది. రెండోవాడు పోయినప్పుడు ఏమీ అనలేదు, మా ఆయనా ఏమీ అనలేదు, ఆ ఏమీ అనకపోవడమే ఇంట్లో కూర్చుంది, మేము దాని చుట్టూ తిరిగాం. ఫొటో చూపించిన రోజే డాక్టరమ్మ అడిగింది, ఇదిగో ఇలా పెన్సిలు కొరుకుతూ, మీకెప్పుడైనా గర్భాలు పోయాయా, అని. నీళ్లు తెమ్మని పిడుగుని బయటికి పంపి చెప్పాను. మగపిల్లలా, అంది. అవును, అన్నాను. మీ అమ్మగారికి, అంది. అమ్మకి నేను కాక ముగ్గురు. ముగ్గురూ మగవాళ్లు, ఒక్కడూ నిలవలేదు.

ఇది తల్లి నుంచి కూతురికి రావచ్చమ్మా, అంది డాక్టరమ్మ. ఆడపిల్లకి ఆ పట్టునిచ్చే జన్యువు ప్రతులు రెండుంటాయి. కొన్ని కణాల్లో మంచిది పనిచేస్తుంది, అవి ఎక్కుతాయి. కొన్నింటిలో చెడినది పనిచేస్తుంది, అవి ఆగుతాయి. అందుకే మనిషి మామూలుగానే ఉంటుంది, ఎంతోమంది తమకి ఉందని తెలియకుండానే బతికేస్తారు. మగపిల్లవాడికి ఉండేది ఒకటే ప్రతి. అది చెడిందంటే ఒక్క మెదడే కాదు, గుండె, రక్తనాళాలు, దేనికీ పట్టుండదు, చాలావరకు పుట్టేదాకా నిలవరు. మీ తల కూడా ఒకసారి చూద్దాం, ఉంటే మీ గుండె కూడా పరీక్ష చేయించాలి, అంది. తలుపు తోసుకుని నీళ్ల సీసాతో పిడుగు వచ్చింది. ఇంతకీ మీకెప్పుడూ ఫిట్స్ లాంటివి రాలేదు కదా, కాసేపు ఒళ్లు తెలియకపోవడం, ఎవరికీ రాని వాసన మీకొక్కరికే రావడం, అని అడిగింది డాక్టరమ్మ. లేదండీ, నేను రాయిలా ఉంటాను, అన్నాను.

రాయిలానే పడుకున్నాను ఇప్పుడు కూడా. మోత మారింది, సన్నగా, కీచుగా, తలలోపల నుంచి వస్తున్నట్టు. ముక్కు దురద పెడుతోంది. ఏం కోరుకోవాలో చెప్పండి ఎవరైనా. నా తలలో ఆ ముద్దలు ఉంటే, నా కొడుకులని నేను నిలబడి చంపలేదు. బస్సు చంపలేదు. వాళ్లు తీగ పట్టుకోలేకపోయారు, అంతే. కానీ ఉంటే, పిడుగు నేల మీద పడి కొట్టుకోవడం నేనిచ్చింది. ఏమీ లేకపోతే పిడుగుది పిడుగుదే, నా చేతులు శుభ్రం, మరి ఆ ఇద్దరూ మళ్లీ నా నెత్తి మీదికే వస్తారు. ఉండాలని కోరుకుంటే ఒకదానికి ద్రోహం, లేకపోవాలని కోరుకుంటే ఇద్దరికి. ఇలాంటి లెక్క ఏ కండక్టరుకీ రాకూడదు. దీనికి తోడు అది తలుపు దగ్గర అన్న మాట. నేనొక్కదాన్నే కాకుండా ఉంటాను.

అమ్మ టైలరు. కాలితో తొక్కే మిషను ఉండేది, నల్లగా నిగనిగలాడేది. మూడోవాడు కూడా పోయాక అమ్మమ్మ, ఆ తొక్కుడే వాళ్లని తొక్కేసింది, అందట. అమ్మ మళ్లీ ఆ మిషను మీద కాలు పెట్టలేదు. గుడ్డ కప్పి మూల పెట్టింది. చేత్తోనే కుట్టింది బతికినన్నాళ్లూ, ఒక్కో జాకెట్టుకి రోజులు పట్టేది. జనం వేరే టైలరు దగ్గరికి పోయారు, మా ఇంటికి చిరుగులు మాత్రం వచ్చేవి. మిషనుందిగా అమ్మా, అనేదాన్ని. కాళ్లు నొప్పులే, అనేది. అమ్మకి మిషను, నాకు బస్సు. ప్రతి ఇంట్లోనూ చేతికందే వస్తువు మీద నింద పెట్టేస్తారు కాబోలు. అమ్మా, నీకెప్పుడూ ఎవరూ ఇలా గొట్టంలో పెట్టి ఫొటో తీయలేదు. నా తలలో ఉంటే నీ తలలోనూ ఉన్నట్టే కదా. నీ మిషను మంచిదేనమ్మా.

ఇంక డ్రైవరన్న దగ్గరికి రాక తప్పదు. ఆయనా నేనూ జంటగా ఒకే రూటు నడిపాం. పొద్దున బండి ఎక్కిన దగ్గర్నుంచీ వాదులాటే, పరాచికాలే, ప్యాసింజర్లు మా మాటలు వినడానికే ముందు సీట్లకి ఎగబడేవాళ్లు. నాకొక జబ్బుండేది, జబ్బంటే ఆయన అన్న మాట. ఉన్నట్టుండి టైరు కాలుతున్న వాసన వచ్చేది. ఒక గంట కొట్టేదాన్ని. ఆయన పక్కకి ఆపి దిగి, నాలుగు పక్కలా తిరిగి, టైర్లని తట్టి చూసి, నీ ముక్కుని డిపోలో మార్పించాలి చెల్లెమ్మా, అనేవాడు. బస్సంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఆపకుండా పోలేదు. రెండోవాడు కడుపులో ఉన్న రోజుల్లో, వంపు దగ్గర, మళ్లీ అదే వాసన. అన్నా, కాలుతోంది, అని అరిచాను. ఏదీ, అని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆ కాస్తలో ముందు చక్రం గుంతలో పడింది. నేను ఎగిరి సీటు కడ్డీకి తగిలాను. ఆ సాయంత్రం నొప్పులు, ఆ రాత్రి వాడు లేడు.

ఆయన ఆస్పత్రికి వచ్చాడు. తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రాలేదు. నేను రమ్మనలేదు. రమ్మంటే వచ్చేవాడు. ఆ బరువు మొత్తం నేనొక్కదాన్నే మోయలేక సగం ఆయన మీద పెట్టేశాను మనసులో. తిరిగి డ్యూటీలోకి వెళ్లాక మా మధ్య గంట తప్ప మాట లేదు. ఒకటి కొడితే ఆపేవాడు, రెండు కొడితే పోనిచ్చేవాడు. పోనివ్వడమంటే ఎలా, నిండుకుండ నెత్తిన పెట్టుకున్నట్టు. ప్రతి గుంతకీ, ప్రతి వంపుకీ బండి దాదాపు ఆగిపోయేది. ప్యాసింజర్లు నత్త అని పేరు పెట్టారు. వెనక సైకిలు దాటిపోతోందయ్యా అని వెక్కిరించేవాళ్లు. డిపోలో ఎన్ని మెమోలిచ్చారో, ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. రిటైరైన రోజు కూడా ఆ వంపు దగ్గర అలాగే దాటించాడు. నేను వెనక తలుపు దగ్గర నిలబడి అంతా చూశాను, ఏళ్లపాటు చూశాను, ఎందుకో తెలిసి కూడా ఒక్క మాట అనలేదు.

ఏదో కాలుతోంది. ఈ మిషనే కాలుతున్నట్టుంది, ఈ పిల్ల చూసుకోదేమిటి, రబ్బరు వాసన, గొంతులోకి దిగుతోంది, నోట్లో ఇనుము రుచి, బుడ్డి నొక్కాలి, నొక్కెయ్, గొట్టంలోనే మాడిపోతావు, బయట పిడుగు ఒక్కతే ఉంది. వేళ్లు బిగిశాయి. బిగిసి ఆగాయి. ఇక్కడ టైర్లెక్కడివి? తెల్లటి కప్పు, దాని మీద గోటిగీత. పొగ లేదు. గాజు కిటికీ అవతలున్న ఆ అమ్మాయి ముఖం బోనుకి బిగించిన చిన్న అద్దంలో కనిపిస్తోంది, తాపీగా కూర్చుంది, ఎవరితోనో ఏదో అంటూ. టైర్లు లేవు. బస్సు లేదు. వాసన ఉంది. కడుపులోంచి ఎగదన్ని, కాసేపు నిలబడి, ఎప్పటిలాగే తగ్గిపోయింది. ఎప్పటిలాగే. మీకొక్కరికే వచ్చే వాసన ఏమైనా ఉందా అని డాక్టరమ్మ అడిగితే లేదన్నాను. అబద్ధం కాదు. నాకొచ్చేది టైరు వాసన కదా, బస్సుది కదా, నాది అనుకోలేదు.

అవే. గట్టున కూర్చున్నవే. ఇన్నేళ్లూ అరిచాయి, నేను దిగి టైర్లు చూడమన్నాను.

కళ్లలో నీళ్లు ఊరి రెండు పక్కలా చెవుల్లోకి జారాయి. తుడుచుకోవడానికి లేదు. వెక్కితే తల కదులుతుంది. బోను లోపల, రబ్బరు బుడ్డి పట్టుకుని, ఊపిరి కూడా జాగ్రత్తగా తీస్తూ ఏడవడం ఎవరికైనా చేతనవుతుందా, నాకు చేతనైంది. మోత ఆగింది. ఆ అమ్మాయి గొంతు చెవిలో, ఇందాకటిలా లేదు, మెత్తగా ఉంది. "అయిపోవచ్చింది అమ్మా. ఇంకొక్క వరస తీస్తాం, అంతే. ఇలాగే ఉండండి" అంది. ఆంటీ కాదు, అమ్మా. పిడుగుకి కూడా ఆఖర్న ఇంకో వరస తీశారు. ఎందుకు, అని అప్పుడు ఈ అమ్మాయినే అడిగితే, ఏదైనా కనిపిస్తే దగ్గర్నుంచి చూడటానికి, అని చెప్పేసి నాలిక కరుచుకుంది. ఠక్, ఠక్, ఠక్. కొట్టుకోనీ. కదల్లేదు నేను. జీవితంలో ఇంత నిలకడగా ఎక్కడా లేను.

పిడుగుని బెంచీ మీదే ఉండమన్నాను. డాక్టరమ్మ గదిలో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టింది, పిడుగుదీ నాదీ. అదే మడుగు, అదే గట్టు, అవే ముద్దలు, నాకు కాస్త తక్కువ. టైరు సంగతి చెప్పాను, ఆవిడ పెన్సిలు కొరకడం మానేసి వింది. మీకు కూడా మందు మొదలుపెడదాం, గుండె పరీక్ష రాస్తున్నాను, ఇకనుంచి తలుపు దగ్గర నిలబడకండి, అంది. నేను జనానికి చెప్పే మాట నాకే చెప్పింది. మరి వాళ్లిద్దరూ, అని అడిగాను. నూటికి నూరుపాళ్లు చెప్పలేనమ్మా, మీ అమ్మగారి ముగ్గురితో కలిపి చూస్తే మాత్రం నేను బస్సుని అనుమానించను, అంది. కుదుపు తగిలింది డాక్టరమ్మా, గుంతలో పడి, అన్నాను. ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. "మీరు నెలలన్నీ మంచం మీద పడుకున్నా ఆ బిడ్డ నిలిచేవాడు కాదనే నేననుకుంటున్నాను" అంది.

బెంచీ దగ్గర పిడుగు లేచి నిలబడబోయింది. మధ్యలో కూర్చుని ఉంది, ఒళ్లో నా చెవులవీ పిన్నులూ, గుప్పిట్లో ఈల. నా ముఖం చూసింది, అడగడానికి భయపడింది. జరుగు, అన్నాను. జరిగింది. పక్కన కూర్చున్నాను. నీకూనా, అంది. నాకూ, అన్నాను. అది సంతోషపడలేదు, ఏడవలేదు, ఈల తాడు విడదీసి నా మెడలో వేసి, తల నా భుజం మీద పెట్టింది. మనం ఇద్దరం ఎక్కలేదన్నమాట, అంది కాసేపటికి. ఎక్కినవి కూడా చాలా ఉన్నాయిలేవే, అన్నాను. దాని వేళ్లు నా వేళ్లలోకి వచ్చాయి. దీనికి నేనిచ్చింది ఇదీ, అనుకున్నాను, అయినా ఆ తల అక్కణ్నుంచి తీయాలనిపించలేదు.

ఒక చేత్తోనే దాని ఒళ్లోంచి ఫోను తీశాను. డ్రైవరన్న నంబరు నా దగ్గరుంది, రిటైరైనప్పుడు రాసుకున్నది, ఒక్కసారీ కొట్టలేదు. మోగింది, చాలాసేపు మోగింది, పెట్టేద్దామనుకుంటుండగా తీశాడు. చెప్పు చెల్లెమ్మా, అన్నాడు, నిన్న మాట్లాడి ఆపినట్టు. గొంతు ముసలిదైపోయింది. బాగున్నావా అన్నా, అన్నాను. ఏదో, అన్నాడు. మన బండికి టైర్లెప్పుడూ కాలలేదన్నా, ఆ వాసన నా తలలోదట, ఫొటో తీసి చెప్పారు, అన్నాను. వెనక ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు.

"పిల్లాడు ఆ గుంత వల్ల పోలేదన్నా" అన్నాను.

ఏ గుంత అని ఆయన అడగలేదు.